అక్వేరియం రొయ్యలకు ఆకు మేత: తయారీ చెట్టు దగ్గరే మొదలు కావాలి

మాఘ, ఫాల్గుణ మాసాలలో హుజూర్‌నగర్ పరిసర గ్రామాలలోని పాఠశాల ఆవరణలలోనూ, పాత ఇళ్ళ పెరళ్ళలోనూ నాటు బాదం చెట్లు ఎర్రబారి ఆకులు రాల్చుతాయి. వాటిని ఊడ్చి, కుప్పవేసి, తగలబెట్టడం మనకు అలవాటు. అదే ఆకును ఏరి, కడిగి, ఆరబెట్టి, పొట్లం కట్టి అక్వేరియం దుకాణాలు అమ్ముతున్నాయి. గాజుతొట్లలో రంగు రొయ్యలను పెంచేవారు వాటిని కొంటున్నారు. ఒకచోట చెత్త అయినది మరొకచోట సరుకు కావడం చూసినప్పుడు వ్యవసాయ విద్యార్థికి, విస్తరణ కార్యకర్తకు కలిగే మొదటి ఆలోచన సహజమైనదే. దీనిని మన మహిళా సంఘాలకు, గ్రామీణ యువతకు ఉపాధిగా ఎందుకు చూపకూడదు?

చూపవచ్చును. అయితే ఎట్లా చూపాలన్న విషయంలో నాకొక అభిప్రాయం ఉంది. రొయ్యల కోసం ఆకును సిద్ధం చేయడమనగానే ఎంతసేపు నానబెట్టాలి, ఎన్ని నిమిషాలు ఉడికించాలి అన్న ప్రశ్నలే ఎక్కువగా వినిపిస్తాయి. మన ప్రాంతంలో అవి రెండవ వరుస ప్రశ్నలు. ఆ ఆకు ఏ చెట్టుది, ఆ చెట్టు ఎక్కడ ఉంది, దాని చుట్టూ గత కొన్ని వారాలలో ఏ మందు పిచికారీ జరిగింది అన్నవి మొదటి ప్రశ్నలు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో బాదం ఆకు రాలే కాలమూ, యాసంగి వరికి మందులు కొట్టే కాలమూ ఒకటే. మిర్యాలగూడ నుండి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వరకు ఊళ్ళు వరి పొలాల నడుమనే ఉన్నాయి. ఈ సంగతిని పక్కనపెట్టి ఇచ్చే సిఫారసు అసంపూర్ణం మాత్రమే కాదు, నష్టం కూడా చేస్తుంది.

రొయ్య తినేది ఆకునా, ఆకు మీది పొరనా?

అక్వేరియంలలో ఎక్కువగా పెంచే ‘చెర్రీ’ రొయ్య శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. తూర్పు చైనా, తైవాన్ ప్రాంతాలు దీని స్వస్థలం. పూర్తిగా పెరిగినా సుమారు మూడు సెంటీమీటర్లకు మించదు. మన దేశపు వాగులలో, చెరువులలో కనిపించే కారిడినా ప్రజాతి చిట్టి రొయ్యలు దీనికి దగ్గరి బంధువులు. వాటిలో కారిడినా బాబౌల్టి వంటివి అక్వేరియం వ్యాపారంలోకి కూడా వెళ్ళాయి. ఇవన్నీ ఆటియిడే కుటుంబానికి చెందినవి. వీటి ముందరి చిన్న కాళ్ళ చివర కుంచె వంటి రోమాలు ఉంటాయి. వాటితో రాళ్ళను, మొక్కలను, ఆకులను తుడుస్తూ, అంటుకొన్న మెత్తని పదార్థాన్ని నోటికి చేర్చుకొంటాయి. తెరిపి లేకుండా మేయడమే వీటి దినచర్య.

నీటిలో పడిన ఆకు వెంటనే మేత కాదు. మొదటి ఒకటి రెండు రోజులలో అందులోని చక్కెరలు, కరిగే టానిన్లు, లవణాలు చాలావరకు నీటిలోకి దిగిపోతాయి. ఆ తరువాత బాక్టీరియా, నీటి శిలీంధ్రాలు ఆకు మీద స్థిరపడి, కణజాలాన్ని మెత్తబరుస్తూ పైన జిగట పొరను ఏర్పరుస్తాయి. చివరకు ఆకు చివికి, ఈనెల వల మాత్రమే మిగులుతుంది. వాగులలో కుళ్ళే ఆకుల మీద ప్రత్యేకమైన శిలీంధ్ర సముదాయం ఉంటుందని ఇంగ్లాండులో సి.టి. ఇంగోల్డ్ 1942లో ఆల్డర్ చెట్టు ఆకులపై ప్రచురించిన పరిశీలనలు తెలియజేశాయి. కెనడాలో ఎన్.కె. కౌశిక్, హెచ్.బి.ఎన్. హైన్స్ 1971లో ప్రచురించిన పరిశోధన మరొక ముఖ్య విషయాన్ని చూపింది. నీటిలో కుళ్ళుతున్న ఆకులో నత్రజని పాలు తగ్గవలసింది పోయి పెరుగుతుంది. ఆ పెరుగుదలకు ప్రధాన కారణం శిలీంధ్రాలే. వాగులోని చిన్న క్రస్టేషియన్ జీవులు తాజాగా రాలిన ఆకు కంటే అట్లా మాగిన ఆకును ఇష్టపడతాయి.

మన భాషలో చెప్పుకొంటే ఆకు విస్తరి వంటిది, భోజనం దాని మీద వడ్డించిన సూక్ష్మజీవుల పొర. ఈ తేడా తెలియనివారు ఆకు వేసిన మరునాడు రొయ్యలు దగ్గరకు రాకపోవడం చూసి, ఇష్టం లేదనుకొని తీసి పారవేస్తారు. వారం పది రోజులు ఓపిక పడితే అదే ఆకు మీద రొయ్యలు గుంపుగా చేరతాయి. అప్పుడే పొదిగిన పిల్లలకు ఈ పొర మరింత అవసరం. మేత గుళిక తొట్టిలో ఒక మూలన పడితే అక్కడి వరకు వెళ్ళి, పెద్ద రొయ్యలతో పోటీపడి తినడం వాటికి కష్టం. ఆకు మీద కూర్చున్నచోటనే వాటికి మేత దొరుకుతుంది.

రాలిన ఆకు వేరు, కోసిన ఆకు వేరు

చెట్టు ఆకును ఊరికే వదులుకోదు. పండుబారే సమయంలో అందులోని నత్రజని, భాస్వరంలో దాదాపు సగం వరకు కొమ్మలోకి తిరిగి తీసుకొంటుంది. రాలిన ఆకులో మిగిలేవి ప్రధానంగా సెల్యులోజ్, లిగ్నిన్, టానిన్లు. అందువల్ల అది నెమ్మదిగా చివుకుతుంది, నీటిని త్వరగా చెడగొట్టదు. తొట్టిలో మూడు నాలుగు వారాలు ఉంచినా ఇబ్బంది లేదు. నాటు బాదం, జామ, పనస, మద్ది ఆకులను ఈ విధంగా పండి రాలిన తరువాత ఏరుకోవాలి.

కోసిన పచ్చి ఆకు సంగతి వేరు. మల్బరీ ఆకు ఎండు బరువులో మాంసకృత్తులు 15 నుండి 25 శాతం వరకు, మునగాకులో సుమారు 25 శాతం ఉంటాయి. పోషకాహారంగా ఇది మేలైనదే కాని, అదే మాంసకృత్తు తినకుండా మిగిలి కుళ్ళితే అమ్మోనియాగా మారుతుంది. కుళ్ళే క్రమంలో నీటిలోని ప్రాణవాయువు కూడా ఖర్చవుతుంది. కాబట్టి పచ్చి ఆకును కొద్దిగా వేసి, మిగిలినది మరునాటికి తీసివేయాలి. రాలిన ఆకు పొలంలో పశువును మేపినట్లు, పచ్చి ఆకు గాటికి దాణా పెట్టినట్లు. రెండింటికీ ఒకే మోతాదు, ఒకే వ్యవధి చెప్పడం తరచుగా కనిపించే పొరపాటు.

తయారీ పద్ధతి కష్టమైనది కాదు. రాలిన ఆకులలో పక్షి రెట్టలు, పురుగు గుడ్లు, బూజు మచ్చలు లేనివి ఏరి, ధారగా పోసే నీటిలో రెండు వైపులా కడగాలి. నీడలో ఆరబెట్టి, పట్టుకొంటే పెళపెళలాడే వరకు ఎండనిచ్చి, గుడ్డ సంచిలోనో కాగితపు సంచిలోనో నిల్వచేయాలి. తేమ తగిలి బూజు పట్టిన ఆకును వాడరాదు. నీటిలో ఆకు మీద పెరిగే శిలీంధ్రమూ, నిల్వలో పట్టే బూజూ ఒకటి కావు. తొట్టిలో వేసే ముందు ఒక రోజు నానబెట్టడం గాని, మరిగే నీరు పోసి అయిదు పది నిమిషాలు ఉంచడం గాని చేయవచ్చు. వేడినీటి వల్ల పురుగుల గుడ్లు నశిస్తాయి, టానిన్ కొంత దిగిపోతుంది, ఆకు త్వరగా మునుగుతుంది. 30-40 లీటర్ల తొట్టికి మధ్యరకం బాదం ఆకు ఒకటి చొప్పున వేయడం పెంపకందారుల వాడుక. పచ్చి మల్బరీ, మునగ ఆకులనైతే మరిగే నీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి, వెంటనే చల్లని నీటిలో వేసి, చిన్న ముక్కలుగా ఇవ్వాలి. నీడలో ఎండబెట్టి, దాచుకొని కూడా వాడవచ్చు.

ఇంతవరకు చెప్పినది ఎవరైనా చెప్పగలిగినదే. స్థానిక పరిస్థితుల దగ్గరికి వచ్చినప్పుడే విస్తరణ శాస్త్రవేత్త అవసరం తెలుస్తుంది.

మన నీరు, మన ఎండ

బాదం ఆకు వేస్తే నీటి ఆమ్లత్వం పెరుగుతుందని, పిహెచ్ తగ్గుతుందని విస్తృతంగా ప్రచారంలో ఉంది. మెత్తని నీటిలో ఇది నిజమే. కాని హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్ళచెరువు ప్రాంతం సున్నపురాయి నేల. సిమెంటు పరిశ్రమలు ఇక్కడ వెలసినది ఆ రాయి కోసమే. అటువంటి నేలలోని బోరు నీటిలో కార్బోనేట్లు, బైకార్బోనేట్లు అధికంగా ఉంటాయి. ఆకు నుండి వచ్చే స్వల్ప ఆమ్లాన్ని అవి అక్కడికక్కడే తటస్థీకరిస్తాయి. నీరు డికాక్షన్ రంగుకు మారుతుంది కాని, పిహెచ్ పెద్దగా కదలదు. ఒక బకెట్‌లో బోరు నీరు, మరొక బకెట్‌లో వాన నీరు పట్టి, రెండింటిలోనూ ఒకే బరువు ఆకు వేసి, వారం పాటు పిహెచ్ కొలిస్తే విద్యార్థికి ఈ విషయం తేటతెల్లమవుతుంది.

దీని వల్ల రెండు ఆచరణాత్మక ఫలితాలున్నాయి. ఒకటి, మెత్తని ఆమ్లజలం కోరే క్రిస్టల్ రకపు కారిడినా రొయ్యలను ఆకుల భరోసాతో ఇక్కడి బోరు నీటిలో పెంచమని సలహా ఇవ్వరాదు. ఒక మోస్తరు కఠినజలాన్ని తట్టుకొనే చెర్రీ రొయ్యే ఈ ప్రాంతానికి తగినది. రెండు, క్షార స్వభావం గల వెచ్చని నీటిలో అమ్మోనియా మరింత విషపూరితం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పిహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది 1 శాతంలోపే. పిహెచ్ 8 అయితే అది 7 శాతం దాటుతుంది. చల్లని దేశాలలోనో, మెత్తని నీటిలోనో భరించదగిన పచ్చి ఆకు మోతాదు ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

వేసవి సంగతి చెప్పనక్కరలేదు. సూర్యాపేట జిల్లాలో 44 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు. చెర్రీ రొయ్యకు 20 నుండి 28 డిగ్రీల నీరు అనుకూలం. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 35 డిగ్రీలకు అది 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో ఆకు కుళ్ళే వేగం పెరుగుతుంది. కాబట్టి చైత్ర, వైశాఖాలలో పచ్చి ఆకు మేతను పూర్తిగా మానడం, రాలిన ఆకును సగానికి తగ్గించడం, గాలి పంపును ఆపకుండా నడపడం మంచిది.

కడిగినా, ఉడికించినా పోనిది

యాసంగి వరి ఫిబ్రవరి, మార్చి నెలలలో పిలక దశ నుండి పొట్ట, ఈనిక దశలకు చేరుతుంది. కాండం తొలుచు పురుగు, దోమపోటు, అగ్గితెగులు నివారణకు రైతు మందులు వాడేది ఈ దశలలోనే. పిచికారీ బిందువులు ఎంత సన్నగా ఉంటే గాలికి అంత దూరం కొట్టుకొనిపోతాయి. 150 మైక్రాన్లలోపు బిందువులు పొలం గట్టు దాటి పక్కనున్న చెట్ల మీద పడడం సర్వసాధారణం. ఆ చెట్టు ఆకు నేడో రేపో రాలి మన సంచిలోకి వస్తుంది.

క్రస్టేషియన్ జీవులకు, కీటకాలకు నాడీ వ్యవస్థ నిర్మాణంలో దగ్గరి పోలికలున్నాయి. కీటకాన్ని చంపడానికి తయారుచేసిన మందు రొయ్యను వదలదు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి సింథటిక్ పైరెత్రాయిడ్లు లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాములోపు ఉన్నా అనేక క్రస్టేషియన్ జాతులకు ప్రాణాంతకం. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 40 లీటర్ల తొట్టిలో లీటరుకు 0.1 మైక్రోగ్రాము చొప్పున మందు ఉండాలంటే మొత్తం కావలసింది 4 మైక్రోగ్రాములు. అంటే ఒక గ్రాములో రెండున్నర లక్షల వంతు. ఇంత తక్కువ పరిమాణం ఆకు మీద కంటికి కనబడదు, వాసనకు తెలియదు.

కడిగితే పోతుందా? పైరెత్రాయిడ్లు నీటిలో దాదాపు కరగవు, నూనెలో, మైనంలో కరుగుతాయి. బాదం ఆకు పైభాగంలో నిగనిగలాడే మైనపు పూత ఉంటుంది. మందు అందులో ఇంకిపోతుంది. అయిదు నిమిషాల మరుగు దానిని నమ్మదగినంతగా తొలగించదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులు ఆకు లోపలనే ఉంటాయి కాబట్టి పైపైన కడగడం వల్ల ప్రయోజనం లేదు. తోటల ఆకుల విషయంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. బత్తాయి, నిమ్మ, జామ, మామిడి తోటలలో కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం వాడకం ఉంది. రొయ్య రక్తంలోని హీమోసయనిన్‌లో రాగి సహజంగానే ఉన్నప్పటికీ, నీటిలో కరిగిన రాగి కొద్దిగా పెరిగినా రొయ్య తట్టుకోలేదు.

ఊరి నడుమనున్న చెట్టు సురక్షితమని కూడా కళ్ళు మూసుకొని చెప్పలేము. దోమల నివారణకు వీధులలో వదిలే పొగలో ఉండేవీ కీటకనాశినులే. రద్దీ రహదారుల పక్కన, సున్నపురాయి లారీలు తిరిగే దారులలో ఆకుల మీద దుమ్ము పేరుకొని ఉంటుంది. వీటన్నింటినీ అడిగి తెలుసుకొన్న తరువాతనే ఆకును ముట్టుకోవాలి. తయారీ చెట్టు దగ్గరే మొదలు కావాలని నేననడంలో ఉద్దేశం ఇది.

మనకు మేలుచేసే చెట్టు రొయ్యకు మేలు చేయకపోవచ్చు

వేప మీద మనకు అపారమైన విశ్వాసం ఉంది. సహజమైనది కాబట్టి సురక్షితమైనదన్న భావనతో రొయ్యల తొట్టిలో వేపాకు వేయాలన్న ఆలోచన కలగడంలో ఆశ్చర్యం లేదు. కాని వేపలోని అజాడిరాక్టిన్ పురుగును చంపే తీరును గుర్తు చేసుకోవాలి. అది కుబుసం విడిచే ప్రక్రియను నియంత్రించే హార్మోన్లను దెబ్బతీస్తుంది. రొయ్య కూడా కుబుసం విడిచే పెరుగుతుంది, దానికీ అదే వర్గపు హార్మోన్లు ఉన్నాయి. గింజతో పోలిస్తే ఆకులో ఈ పదార్థం తక్కువే అయినా, దీనిని మేతగా సిఫారసు చేయడానికి ఆధారం లేదు. పచ్చిరొట్టగా పొలానికి మేలుచేసే కానుగలోనూ కీటకనాశక పదార్థాలున్నాయి. జిల్లేడు, గన్నేరు విషపు మొక్కలని వేరే చెప్పనక్కరలేదు. జామాయిల్ ఆకులోని తైలం నీటిలోకి దిగి హాని చేయవచ్చు. జామ ఆకు అని చెప్పినప్పుడు వినేవారు దానిని జామాయిల్‌గా పొరబడకుండా చూడాలి.

పేర్ల విషయంలో ఇంకొక జాగ్రత్త. ఇక్కడ బాదం అంటున్నది మనం పప్పు కొనే బాదం చెట్టు కాదు. ఇది టెర్మినేలియా కటప్పా. మద్ది, తాని, కరక చెట్లు దీని ప్రజాతిలోనివే. కరపత్రం రాసేటప్పుడు నాటు బాదం అన్న పేరుతో పాటు ఆకు చిత్రాన్ని కూడా ముద్రించడం అవసరం.

పట్టుపురుగు చెప్పే సాక్ష్యం

ఈ ఆకు విషరహితం అని ఎవరు ధ్రువీకరించాలి? ప్రయోగశాలలో అవశేషాల పరీక్ష ఖరీదైనది, చిన్న సంఘానికి అందుబాటులో ఉండదు. కాని మన వ్యవసాయంలో ఇటువంటి సమస్యను ఏనాడో ఎదుర్కొని, పరిష్కారం కనుగొన్న రైతులు ఉన్నారు. వారు పట్టు రైతులు. పట్టుపురుగు అయిదు దశలలో, సుమారు 25 రోజుల పాటు మల్బరీ ఆకు మీదనే బతుకుతుంది. ఆకు మీద కీటకనాశిని జాడ ఉంటే మొత్తం పంట పోతుంది. అందుకే పట్టు రైతు పక్క చేనులో ఏ మందు కొట్టారో అడుగుతాడు, గాలి ఎటు వీస్తున్నదో చూస్తాడు, మందు కొట్టవలసి వస్తే ఎన్ని రోజులు ఆగి ఆకు కోయాలో లెక్క పెట్టుకొంటాడు.

అదే తోట ఆకును రొయ్యలకు వాడితే, పురుగు ఆరోగ్యంగా గూడు కట్టిందన్నదే ఆ ఆకుకు మొదటి యోగ్యతా పత్రం. రొయ్యలాగే పట్టుపురుగు కూడా సంధిపాద జీవి, కుబుసం విడిచే జీవి. ఈ సాక్ష్యం పరిపూర్ణం కాకపోయినా, ఏ సాక్ష్యమూ లేని ఆకు కంటే ఎంతో మేలు. అయితే ఆకును తోట నుండి నేరుగా కోయాలి. పెంపకపు గదిలో పురుగుల పడక మీద మిగిలిన ఆకును వాడరాదు, ఎందుకంటే అక్కడ సున్నం, రోగనివారక పొడులు చల్లుతారు. పట్టు పెంపకం ఉన్న మండలాలలో మిగులు మల్బరీ ఆకును ఈ ఉపయోగానికి మళ్ళించడమే నా దృష్టిలో అన్నింటికంటే భద్రమైన ఆరంభం. దారిన రాలిన బాదం ఆకు దాని తరువాతిది.

సిఫారసు ఎట్లా ఉండాలి?

గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో, మిర్యాలగూడ సమీపంలోని కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. సస్యరక్షణ, మత్స్య, పట్టు విభాగాల అనుభవాన్ని ఒకచోట చేర్చి ఒక సిఫారసును రూపొందించడానికి ఇంతకంటే అనువైన ప్రాంతం అరుదు. అందులో ఈ క్రింది అంశాలు తప్పక ఉండాలని నా ప్రతిపాదన.

1. సేకరణ పుస్తకం. చెట్టు ఉన్న స్థలం, దగ్గరి పొలానికి గల దూరం, ఆ పొలంలో చివరిగా వాడిన మందు, తేదీ, వీధిలో దోమల మందు వదిలిన తేదీ, ఆకు ఏరిన తేదీ రాసి ఉంచాలి. ఈ వివరాలు లేని ఆకును అమ్మరాదు.

2. విడివిడి కుప్పలు. ఒక్కొక్క చెట్టు ఆకును విడిగా ఆరబెట్టి, విడిగా సంచి కట్టి, సంఖ్య వేయాలి. అన్నీ కలిపితే ఒక చెట్టు దోషం మొత్తం సరుకుకు అంటుకొంటుంది.

3. రొయ్యలతో జీవపరీక్ష. ఒకే తొట్టి నుండి తెచ్చిన, బాగా మాగిన నీరు పోసిన మూడు గాజు పాత్రలు తీసుకొని, మూడింటికీ గాలి అందించి, ఒక్కొక్క దానిలో అయిదేసి రొయ్యలను వదలాలి. మొదటి దానిలో ఆకు వేయరాదు. రెండవ దానిలో సురక్షితమని తెలిసిన ఆకును, మూడవ దానిలో పరీక్షించవలసిన ఆకును వాడుక మోతాదుకు నాలుగైదు రెట్లు వేయాలి. 96 గంటలు గమనించాలి. మూడవ పాత్రలో మాత్రమే రొయ్యలు మేత మానినా, వెల్లకిలా పడినా, అదుపులేకుండా ఎగిరిపడినా ఆ సంచిని పారవేయాలి. రెండవ పాత్ర ఉండడం వల్ల, ఆకు ఎక్కువై కలిగిన ఇబ్బందికి, విషం వల్ల కలిగిన ఇబ్బందికి తేడా తెలుస్తుంది.

4. పరీక్ష పరిమితి. 96 గంటలలో తెలిసేది తక్షణ విషప్రభావం మాత్రమే. కుబుసం సరిగా విడవకపోవడం, గుడ్లు రాల్చివేయడం వంటివి తెలియాలంటే మూడు నాలుగు వారాలు ఆగాలి. ఈ మాటను శిక్షణలో దాచకుండా చెప్పాలి.

5. నీటి వివరం. ఆ గ్రామపు నీటి పిహెచ్, కాఠిన్యం కొలిచిన తరువాతనే మోతాదు చెప్పాలి.

6. కాలువ రక్షణ. చెర్రీ రొయ్య మన జాతి కాదు. ఐరోపాలో కొన్ని వెచ్చని నీటి ప్రవాహాలలో తప్పించుకొని స్థిరపడినట్లు నమోదైంది. ఎట్టి పరిస్థితిలోనూ దానిని సాగర్ కాలువలో, చెరువులో వదలరాదని శిక్షణలో మొదటనే చెప్పాలి.

రెండు అభ్యంతరాలు

ఇది నగరవాసుల సరదా, దీనికోసం వ్యవసాయ విశ్వవిద్యాలయం సమయం వెచ్చించడమెందుకని కొందరు అనవచ్చు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అలంకరణ చేపల పెంపక యూనిట్లకు సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 60 శాతం సహాయం కల్పించింది. ప్రభుత్వమే ఉపాధిగా గుర్తించిన రంగంలో శాస్త్రీయ సలహా ఇవ్వడం మన బాధ్యత. అయితే ఆదాయం గురించి అంకెలతో ఆశలు కల్పించడాన్ని నేను సమర్థించను. ఎండుటాకు మార్కెట్ చిన్నది. ఆకు ఎవరైనా ఏరుకోగలరు కాబట్టి పోటీ ఎక్కువ. అమ్ముడుపోయేది ఆకు కంటే దాని మీది నమ్మకమే. ఒక్క సంచి వల్ల కొనుగోలుదారు తొట్టిలోని రొయ్యలన్నీ చనిపోతే, ఆ సంఘం పేరు మళ్ళీ నిలబడదు. పెట్టుబడి స్వల్పమైనా నష్టపోయేది పేదరాలి పరువు.

రెండవ అభ్యంతరం మన వర్గంలోనే వినిపించవచ్చు. పొలంలో మందుల వాడకం తప్పనిసరి అయినప్పుడు, ఆకు మీది జాడల గురించి ఇంతగా మాట్లాడితే రైతును దోషిగా నిలబెట్టినట్లు కాదా? కాదని నా అభిప్రాయం. రైతు తన పంటను కాపాడుకొంటున్నాడు. మందు పొలం గట్టు దాటకుండా చూడడం మనం నేర్పవలసిన విద్య. గాలి నెమ్మదించిన వేళ పిచికారీ చేయడం, తగిన నాజిల్ వాడడం, ఆర్థిక నష్ట పరిమితి దాటినప్పుడే మందు ఎంచుకోవడం అన్నవి ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాము. చెప్పినదానికి కంటికి కనిపించే రుజువు లేకపోవడం వల్ల అవి చెవికెక్కడం లేదు. గట్టు మీది చెట్టు ఆకు వేసిన పాత్రలో రొయ్య నాలుగు గంటలలో వెల్లకిలా పడితే, మందు ఎంత దూరం వెళ్ళిందో రైతు స్వయంగా చూస్తాడు. ఆ రైతు ఇంటి ముందు పారే పంట కాలువలోని చిట్టి రొయ్యలకు, చేప పిల్లలకు ఏమి జరుగుతున్నదో కూడా అప్పుడు అర్థమవుతుంది.

విద్యార్థులకు నా విన్నపం ఒకటే. రాబోయే యాసంగిలో మీ గ్రామంలోని మూడు చెట్లను ఎంచుకోండి. ఒకటి పొలం గట్టున, ఒకటి ఊరి నడుమ, ఒకటి పట్టు తోట పక్కన ఉండాలి. మందు కొట్టే ముందు ఒకసారి, కొట్టిన తరువాత ఒకసారి, మరి రెండు వారాలకు ఒకసారి ఆకులు ఏరి, పైన చెప్పిన మూడు పాత్రల పరీక్ష చేయండి. ఫలితం అనుకూలమైనా, ప్రతికూలమైనా రాసి పంపండి. ఎన్ని నిమిషాలు ఉడికించాలన్నది ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.